యుద్ధం టైములో రాజు మాట ప్రధాని విన్నాడా? ఆరో జార్జ్, చర్చిల్, బిరుదుల సంగతి

మీరు అడిగింది ఏంటంటే, బ్రిటన్ రాజు ఉత్త రబ్బరు స్టాంపు అంటారు కదా, మరి రెండో ప్రపంచ యుద్ధంలో ఆరో జార్జ్ చర్చిల్ ని ఏ విషయంలోనైనా ఆపగలిగాడా, ఈ నైట్ హుడ్లు గార్టర్లు లాంటి బిరుదులు ఇచ్చేది రాజా ప్రధానా అని. నేను చాలా ఏళ్ళుగా గ్రూప్స్, సివిల్స్ రాసే పిల్లలకి పాలిటీ చెప్తున్నాను, పార్లమెంటరీ సిస్టం చాప్టర్ మొదలెట్టగానే ఎవరో ఒకరు ఇదే అడుగుతారు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా చెప్తాను. ఆపాడు, 1944 జూన్ లో, అదీ చర్చిల్ లాంటి మొండిమనిషిని. కానీ అదే రాజు 1940 మే లో అదే చర్చిల్ కి ఒక విషయంలో వద్దని ఉత్తరం రాస్తే చర్చిల్ అసలు పట్టించుకోలేదు. ఈ నాలుగేళ్ళలో రాజు అధికారాల విషయంలో చట్టం ఏమీ మారలేదండీ, మారింది వాళ్ళిద్దరి మధ్య ఉన్న నమ్మకం ఒక్కటే. అక్కడ రాజు పవర్ అంటే అదే అని నా అభిప్రాయం, ఎలాగో చెప్తాను.

అసలు మొదట్లో వీళ్ళిద్దరికీ పడేది కాదు. 1936 డిసెంబర్ లో, విడాకులు తీసుకున్న ఆవిడని చేసుకుంటానన్న అప్పటి రాజు ఎనిమిదో ఎడ్వర్డ్ పెళ్ళి గొడవ నడుస్తున్నప్పుడు, సింహాసనం వదలొద్దు కొంత టైమివ్వండి అని ఎడ్వర్డ్ తరఫున గట్టిగా నిలబడ్డది చర్చిలే, 7వ తారీఖున కామన్స్ లో (పార్లమెంటు దిగువ సభ) లేచి మాట్లాడబోతే సభ మొత్తం అరిచి కూర్చోబెట్టింది. ఆ ఎడ్వర్డ్ దిగిపోతే గద్దెనెక్కిన తమ్ముడే మన ఆరో జార్జ్. అన్న వైపు నిలబడ్డ మనిషిని తమ్ముడు ఎలా చూస్తాడో చెప్పక్కర్లేదు కదా. పైగా ఈ రాజుకీ రాణికీ చర్చిల్ కి ముందు ప్రధానిగా ఉన్న చాంబర్లేన్ అంటే చాలా అభిమానం. 1938 సెప్టెంబర్ 30న చాంబర్లేన్ మ్యూనిక్ నుంచి హిట్లర్ సంతకం పట్టుకుని తిరిగొస్తే, చెకోస్లొవేకియాలో కొంత భాగం హిట్లర్ కి ఇచ్చేసే ఆ ఒప్పందం మీద పార్లమెంటులో ఇంకా చర్చే జరగలేదు, అప్పుడే అతన్ని బకింగ్ హామ్ ప్యాలెస్ బాల్కనీలో పక్కన నిలబెట్టుకుని జనానికి చెయ్యూపారు. నా దృష్టిలో ఆ రాజు చేసిన పెద్ద తప్పు అది, ఎందుకంటే ప్రతిపక్షం వ్యతిరేకిస్తున్న ఒక పాలసీకి రాజముద్ర వేసినట్టయింది. చర్చిల్ ఆ మ్యూనిక్ ని దుమ్మెత్తిపోసినవాడు.

1940 మే కి వద్దాం. నార్వేలో దెబ్బతిన్నాక కామన్స్ లో 7, 8 తారీఖుల్లో చర్చ జరిగింది, ఓటింగ్ లో చాంబర్లేన్ గెలిచాడు గానీ 281 కి 200, అంటే అంత పెద్ద మెజారిటీ 81కి పడిపోయింది, సొంత పార్టీవాళ్ళే ఎదురు తిరిగారు. 10వ తారీఖు పొద్దున్నే జర్మన్లు హాలండ్, బెల్జియం మీద పడ్డారు. సాయంత్రం చాంబర్లేన్ రాజీనామా ఇవ్వడానికి ప్యాలెస్ కి వెళ్ళాడు. రాజు వెంటనే అన్న పేరు హాలిఫాక్స్. ఈ హాలిఫాక్స్ ఎవరో కాదు, మనకి బాగా తెలిసిన లార్డ్ ఇర్విన్, 1931లో గాంధీ గారితో ఒప్పందం మీద సంతకం పెట్టిన వైస్రాయే. రాజుకి సొంత స్నేహితుడు, ప్యాలెస్ తోటలోంచి నడిచి ఆఫీసుకి వెళ్ళే పర్మిషన్ కూడా ఉన్నవాడు. కానీ హాలిఫాక్స్ లార్డ్స్ సభలో (ఎగువ సభ) ఉన్నాడు, కామన్స్ లో సభ్యుడు కాని ప్రధాని ఈ యుద్ధాన్ని నడపలేడు అని తనే వెనక్కి తగ్గాడని చాంబర్లేన్ చెప్పాడు. అయితే ఎవరిని పిలవమంటావు అని రాజు అడిగాడు, చర్చిల్ ని అన్నాడు చాంబర్లేన్. అంతే, రాజు తన ఇష్టాన్ని పక్కన పెట్టి చర్చిల్ కి కబురు పంపాడు.

ఆ మీటింగ్ గురించి చర్చిల్ తర్వాత రాసుకున్నాడు. నిన్ను ఎందుకు పిలిచానో నీకు తెలీదనుకుంటా అన్నాడట రాజు నవ్వుతూ, అస్సలు ఊహకి అందట్లేదు సర్ అన్నాడట ఈయన, రాజు గట్టిగా నవ్వేసి ప్రభుత్వం ఏర్పాటు చెయ్యమని చెప్పాడు. చదవడానికి సరదాగా ఉంటుంది గానీ మర్నాడు రాజు డైరీలో రాసుకున్నది వేరు, చర్చిల్ ని ప్రధానిగా ఇంకా ఊహించుకోలేకపోతున్నానని రాసుకున్నాడు, తోటలో హాలిఫాక్స్ కనిపిస్తే నువ్వు ప్రధాని కానందుకు బాధగా ఉంది అని చెప్పాడు కూడా.

ఇక్కడ ఒక్క మాట. ఎవరిని పిలవాలి అన్నదే ఇలాంటి పదవిలో ఉన్నవాళ్ళ చేతిలో మిగిలే అసలు నిర్ణయం. మన దగ్గర దాన్ని అందరికంటే ఎక్కువ మోసింది మన నీలం సంజీవరెడ్డి గారే. 1979 జులైలో మొరార్జీ రాజీనామా చేశాక చరణ్ సింగ్ ని పిలిచారు, ఆయన లోక్ సభలో బలం చూపించకుండానే ఆగస్ట్ 20న దిగిపోతే, జగ్జీవన్ రామ్ నాకు అవకాశం ఇవ్వండి అంటున్నా వినకుండా 22న సభ రద్దు చేశారు. ఆ నిర్ణయం మీద ఈరోజుకీ తిట్టేవాళ్ళున్నారు, సమర్థించేవాళ్ళున్నారు. ఆరో జార్జ్ కి ఆ చిక్కు రాలేదు, ఎందుకంటే దిగిపోయేవాడి సలహా అడిగి దాని ప్రకారం నడిచాడు.

మళ్ళీ విషయానికొస్తే, చర్చిల్ మొదటి రోజుల్లోనే విమానాల తయారీ శాఖ పెట్టి బీవర్ బ్రూక్ కి ఇస్తానన్నాడు. బీవర్ బ్రూక్ అంటే పెద్ద పేపర్ల ఓనరు, కెనడావాడు, రాజకీయాల్లో మహా జగడాలమారి అని పేరు. రాజు సొంతంగా ఉత్తరం రాశాడు, ముఖ్యంగా కెనడాలో దీనికి రియాక్షన్ బాగుండదు, మళ్ళీ ఆలోచించు అని. చర్చిల్ ఆలోచించలేదు, ఇచ్చేశాడు. కొద్ది రోజులకే తన శిష్యుడు బ్రెండన్ బ్రాకెన్ ని ప్రివీ కౌన్సిల్ లో (రాజుకి సలహాలిచ్చే మండలి) వెయ్యాలన్నాడు, రాజు మళ్ళీ అడ్డం చెప్పాడు, చర్చిల్ మళ్ళీ పట్టుబట్టాడు, రాజే తగ్గాడు. రాజ్యాంగం ప్రకారం చూస్తే రెండు చోట్లా చర్చిల్ దే కరెక్ట్, మంత్రుల్ని ఎంచుకోవడం ప్రధాని పని. బ్రిటిష్ రాజ్యాంగం మీద పుస్తకం రాసిన వాల్టర్ బేజట్ 1867లోనే చెప్పినట్టు రాజుకి ఉన్నవి మూడే హక్కులు, తనని సంప్రదించాలి, తను ప్రోత్సహించొచ్చు, తను హెచ్చరించొచ్చు. హెచ్చరించాడు, అక్కడితో అయిపోయింది. దానికి తోడు మొదట్లో చర్చిల్ టైముకి వచ్చేవాడు కూడా కాదు, ఆరింటికి అని చెప్పి, ఆరున్నర అని ఫోన్ చేయించి, ఏడింటికి వచ్చేవాడని రాజూ రాణీ నొచ్చుకున్నట్టు అప్పటి డైరీల్లో ఉంది.

మరి ఎక్కడ మారింది అంటే, 1940 సెప్టెంబర్ లో. ఆ నెలలో రెండు జరిగాయి. 13వ తారీఖున ఒక జర్మన్ విమానం బకింగ్ హామ్ ప్యాలెస్ మీద బాంబులు వేసింది, రెండు సరిగ్గా రాజూ రాణీ ఉన్న గదికి ఎదురుగా ఉన్న ఆవరణలోనే పడ్డాయి, కొద్దిలో తప్పింది. ఎంత దగ్గరగా తప్పిందో అప్పట్లో తనకి కూడా తెలీదని చర్చిల్ రాశాడు, వాళ్ళు చెప్పుకోలేదు. ఇక ఈస్ట్ ఎండ్ (బాంబులకి బాగా దెబ్బతిన్న లండన్ పేదల పేట) జనం ముఖం చూడగలను అన్న రాణి మాట అప్పటిదే. రెండోది, ప్రధాని వారం వారం సాయంత్రం ఫార్మల్ గా రాజుని కలిసే ఆడియెన్స్ తీసేసి మంగళవారం మధ్యాహ్నం భోజనానికి మార్చారు. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ అసలు కథంతా ఇక్కడే ఉందని నేననుకుంటాను. గదిలో నౌకర్లు ఉండేవాళ్ళు కాదు, సెక్రటరీలు ఉండేవాళ్ళు కాదు, రాజూ ప్రధానీ ఎవరికి వాళ్ళే వడ్డించుకుని తినేవాళ్ళు, కొన్నిసార్లు రాణి కూడా ఉండేది. సైరన్ మోగితే ప్లేట్లూ గ్లాసులూ చేత్తో పట్టుకుని కింద షెల్టర్ లోకి దిగి అక్కడ భోజనం పూర్తి చేసిన సందర్భాలు ఉన్నాయని చర్చిలే రాశాడు. నోట్స్ రాసుకునేవాడు లేడు, బయటికి పొక్కదు, అవతల కూర్చున్నవాడు ఎలక్షన్ లో పోటీ చెయ్యడు, నీ కుర్చీ అతనికి అక్కర్లేదు. కాబినెట్ లో ఎవరితోనూ ఆడలేని మాట అక్కడ ఆడొచ్చు. చర్చిల్ వెళ్ళాక రాజు కూర్చుని అంతా డైరీలో రాసుకునేవాడు, మనకి ఇవన్నీ తెలిసింది చాలావరకు అలాగే. జర్మన్ కోడ్ పగలగొట్టిన రహస్యం, అణుబాంబు పని, మంత్రుల్లో చాలామందికి తెలియనివి కూడా రాజుకి తెలుసు. 1941 మొదట్లోకొచ్చేసరికి డైరీలో మాట మారిపోయింది, ఇంతకంటే మంచి ప్రధాని నాకు దొరకడు అని రాసుకున్నాడు. ఎనిమిది నెలల్లో ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చాడో చూడండి.

ఇండియా సంగతి కూడా ఆ భోజనాల్లో వచ్చింది. 1942 జులై చివర్లో, అంటే క్విట్ ఇండియాకి సరిగ్గా కొద్ది రోజుల ముందు, యుద్ధం అయ్యాక ఇండియాని ఇండియన్లకి అప్పజెప్పడానికి తన సహచరులూ పార్లమెంటులో పార్టీలూ మానసికంగా సిద్ధమైపోయాయని చర్చిల్ చెప్పాడట, రాజు ఆశ్చర్యపోయి రాసుకున్నాడు. బయట మైకుల ముందు సామ్రాజ్యం గురించి ఉరిమే మనిషి లోపల ఒప్పుకున్న నిజం అది. ఎదురుగా కూర్చున్నవాడు భారత చక్రవర్తి కూడా అన్నది మర్చిపోకండి. మన నిజాం పేరు మీద 152 హైదరాబాద్ స్క్వాడ్రన్ స్పిట్ ఫైర్లు బాటిల్ ఆఫ్ బ్రిటన్ లో ఎగిరాయి, ఇక్కడి నుంచి లక్షల మంది సైన్యంలో ఉన్నారు, ఆ దేశం భవిష్యత్తు గురించి ఇద్దరు మనుషులు భోజనం బల్ల దగ్గర మాట్లాడుకున్నారు. నాకు ఆ పేజీ గుర్తొచ్చినప్పుడల్లా కడుపు మండుతుంది, ఆ మాట అప్పుడే జైళ్ళకి వెళ్ళబోతున్నవాళ్ళకి చెప్పి ఉంటే ఎంత మారేదో.

ఇక 1944 మే 30, మంగళవారం భోజనం. ఫ్రాన్స్ తీరంలో నార్మండీ మీద మన సైన్యాలు దిగే దాడి రోజున నేను బెల్ఫాస్ట్ అనే క్రూయిజర్ ఎక్కి వెళ్ళి చూస్తాను అన్నాడు చర్చిల్. నేనూ వస్తాను అన్నాడు రాజు! ఇద్దరికీ ఉత్సాహమే, రాజు కుర్రాడిగా 1916లో జట్లాండ్ యుద్ధంలో కాలింగ్ వుడ్ ఓడ మీద ఉన్నవాడు. మర్నాడు రాజు ప్రైవేట్ సెక్రటరీ లాసెల్స్ ఒకే ప్రశ్న వేశాడు. మీరిద్దరూ ఇంగ్లిష్ ఛానల్ లో మునిగిపోతే ప్రధానిగా ఎవరిని పిలవాలో ఎలిజబెత్ రాకుమారికి ఇప్పుడే సలహా చెప్పి వెళ్తారా అని. ఆ పిల్లకి అప్పుడు 18 ఏళ్ళు. రాజుకి వెంటనే దిగింది, తను మానుకున్నాడు, నువ్వూ మానుకో అని చర్చిల్ కి ఉత్తరం రాశాడు.

చర్చిల్ వినడే! జూన్ 1న మీటింగ్ పెట్టారు, నౌకాదళం అడ్మిరల్ రామ్సే కూడా ఈ ప్లాన్ నచ్చలేదన్నాడు. ప్రధాని రాజు అనుమతి లేకుండా దేశం దాటకూడదండీ అని లాసెల్స్ పాయింట్ లాగితే, నేను ఉండేది బ్రిటిష్ యుద్ధనౌక మీద కాబట్టి దేశం దాటినట్టు కాదు అని చర్చిల్ లా పాయింట్ చెప్పాడు. ఆ ఓడ మన జలాలు దాటి చాలా దూరం పోతుంది కదా అని లాసెల్స్. ఇలా లాయర్ల వాదనల్లో తేలేది కాదని అర్థమై రాజు 2వ తారీఖున ఇంకో ఉత్తరం రాశాడు. నేను నీకంటే చిన్నవాణ్ణి, నావికుణ్ణి, రాజుగా మూడు దళాలకీ అధిపతిని, సముద్రం మీదికి వెళ్ళాలని నాకంటే ఎక్కువ ఎవరికీ ఉండదు, అయినా ఇంట్లో ఉండడానికి ఒప్పుకున్నాను, నేను చెయ్యాలనుకున్న పనే నువ్వు చెయ్యడం న్యాయమా అని, ఇదీ దాని సారాంశం. గమనించండి, ఆ ఉత్తరంలో ఎక్కడా ఆజ్ఞ లేదు, నేను రాజుని నువ్వు వినాలి అన్న మాట లేదు, నేను మానుకున్నాను కాబట్టి నువ్వూ మానుకో అని ఉంది. 69 ఏళ్ళ చర్చిల్ 3వ తారీఖున తగ్గాడు. కాబినెట్ కి నన్ను ఆపే హక్కు లేదు, రక్షణ మంత్రిగా ఎక్కడికి వెళ్ళాలో నిర్ణయించుకునేది నేనే అని గట్టిగా రాస్తూనే, మీ కోరికకి, మీ ఆజ్ఞకి తలవంచుతున్నాను అన్నాడు. రాజు ఆజ్ఞాపించకపోయినా దాన్ని ఆజ్ఞగా తీసుకున్నది చర్చిలే. దాడి మొదలైన ఆరు రోజులకి, 12న చర్చిల్, 16న రాజు నార్మండీ వెళ్ళొచ్చారు.

పోల్చి చూడాలంటే మొదటి ప్రపంచ యుద్ధం చూడండి, వీళ్ళ నాన్న ఐదో జార్జ్, ప్రధాని లాయిడ్ జార్జ్. అక్కడ ఈ నమ్మకం లేదు. ప్రధానికి ఫ్రాన్స్ లో బ్రిటిష్ సైన్యాన్ని నడిపే జనరల్ హెయిగ్ అంటే పడదు, రాజు హెయిగ్ వైపు. హెయిగ్ నేరుగా రాజుకి ఉత్తరాలు రాసేవాడు, 1917 కొత్త సంవత్సరం నాడు అతన్ని ఫీల్డ్ మార్షల్ చేశారు, కొత్త సంవత్సరం కానుక అన్నాడు రాజు. ప్రధాని మార్చాలనుకుంటున్న సైన్యాధికారిని రాజు వెనకేసుకొస్తే యుద్ధం ఎలా నడుస్తుందండీ.

బిరుదుల గొడవ కూడా అక్కడే ముదిరింది. లిస్టు తయారుచేసేది ప్రధాని, ఇచ్చేది రాజు, మామూలు పద్ధతి ఇది. లాయిడ్ జార్జ్ టైములో పార్టీ ఫండ్ కోసం బిరుదులు అమ్మేశారు, నైట్ హుడ్ రేటు 10 వేల పౌండ్లు అని లండన్ లో అందరికీ తెలిసిపోయింది. 1922లో దక్షిణాఫ్రికా గనుల ఓనరు జోసెఫ్ రాబిన్సన్ పేరు లార్డ్ పదవికి వచ్చేసరికి గోల గోల అయింది, ఇది రాజరికానికే అవమానం అని ఐదో జార్జ్ ప్రధానికి ఘాటుగా ఉత్తరం రాశాడు. రాబిన్సన్ చేత వద్దనిపించారు. తర్వాత 1925లో ఏకంగా చట్టమే తెచ్చారు. తన చేత్తో ఇచ్చేదాన్ని వేరేవాడు అమ్ముకుంటుంటే రాజు చూస్తూ ఉండాల్సి వచ్చింది, దాని పేరు చెడితే చెడేది మాత్రం రాజు పేరే.

ఆయన కొడుకు ఆరో జార్జ్ కి ఈ విషయంలో చాలా పట్టింపు, మెడల్స్, రిబ్బన్లు అంటే చిన్న చిన్న వివరాలు కూడా స్వయంగా చూసేవాడు. బాంబుల కింద పనిచేసే ఫైర్ మెన్, పేలని బాంబులు తీసేవాళ్ళు, మామూలు ఆడవాళ్ళు మగవాళ్ళు, వీళ్ళకి విక్టోరియా క్రాస్ రాదు, అది శత్రువు ఎదుట పోరాడినవాళ్ళకి. అందుకని 1940 సెప్టెంబర్ లో జార్జ్ క్రాస్ పెట్టాడు. 1942 ఏప్రిల్ లో దాన్ని మనిషికి కాకుండా, బాంబుల కింద నలిగిపోతున్న మాల్టా ద్వీపం మొత్తానికి ఇచ్చాడు, మరుసటి ఏడాది జూన్ లో స్వయంగా ఓడలో మాల్టా వెళ్ళాడు కూడా. ఫ్రాన్స్ లో బ్రిటన్ తరఫున రహస్యంగా పనిచేసిన మన నూర్ ఇనాయత్ ఖాన్ కి చనిపోయాక 1949లో వచ్చింది ఇదే.

1945 జులై 26న ఎలక్షన్ రిజల్ట్ వచ్చింది, లేబర్ కి 393 సీట్లు. చర్చిల్ రాజీనామాకి వెళ్తే, నువ్వు యుద్ధంలో నడిపించాక ఈ జనం చాలా కృతఘ్నత చూపించారు అన్నాడు రాజు (నేనైతే ఒప్పుకోను, జనం యుద్ధానికి ఒకణ్ణి, ఇళ్ళకీ ఉద్యోగాలకీ ఇంకొకణ్ణి ఎంచుకున్నారు, అది వాళ్ళ హక్కు). ఆర్డర్ ఆఫ్ ది గార్టర్ ఇస్తానన్నాడు, 1348 నాటి బిరుదు, వాళ్ళకి అంతకంటే పెద్దది లేదు. చర్చిల్ వద్దన్నాడు. ప్రజలు బూటుకాలితో తన్ని పంపితే రాజు దగ్గర గార్టర్ ఎలా తీసుకోను అన్నాడని చెప్పుకుంటారు. ఆ మాట పక్కన పెట్టినా టైమింగ్ లో అర్థం ఉంది, ఓడిపోయిన రోజున రాజు చేత్తో పెద్ద బిరుదు తీసుకుంటే జనం తీర్పుని రాజు కాదన్నట్టు ఉండేది. పైగా అప్పటికి గార్టర్ ప్రధాని సలహా మీద ఇచ్చే బిరుదుల్లోకి వెళ్ళిపోయింది. అదే చర్చిల్ 1946 జనవరిలో ఆర్డర్ ఆఫ్ మెరిట్ మాత్రం తీసుకున్నాడు, ఎందుకంటే ఏడో ఎడ్వర్డ్ 1902లో పెట్టినప్పటి నుంచి అది రాజు సొంత బహుమతి, అందులో పార్టీలకి పని లేదు.

ఆ తర్వాత రాజు సాధించింది చాలామందికి తెలీదు. 1946లో కొత్త ప్రధాని అట్లీతో, ప్రతిపక్ష నాయకుడు చర్చిల్ తో మాట్లాడి ఇద్దర్నీ ఒప్పించి గార్టర్ నీ, స్కాట్లాండ్ వాళ్ళ థిజిల్ నీ ప్రధాని సలహా లేకుండా తనే ఇచ్చేలా వెనక్కి తెచ్చుకున్నాడు. ఇరవయ్యో శతాబ్దంలో ఒక రాజు పోగొట్టుకున్న అధికారాన్ని మళ్ళీ సంపాదించడం అంటే ఎంత అరుదో ఆలోచించండి, అదీ ఒక సోషలిస్టు ప్రధాని టైములో. ఆ డిసెంబర్ లోనే అలన్ బ్రూక్, మాంట్ గోమరీ, మౌంట్ బాటెన్ లాంటి యుద్ధ నాయకులకి ఇచ్చాడు. అట్లీకి తర్వాత 1951లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ వచ్చింది. ఇద్దరూ మాటకారులు కాదు, మొదట్లో వాళ్ళ మీటింగుల్లో సగం టైం నిశ్శబ్దమే అంటారు, అయినా పని జరిగింది.

1952 ఫిబ్రవరి 6న రాజు చనిపోయాడు, అప్పటికి చర్చిల్ మళ్ళీ ప్రధాని. ప్రభుత్వం తరఫున పెట్టిన పుష్పగుచ్ఛం మీద చర్చిల్ రాసిన మాట పరాక్రమానికి అని, విక్టోరియా క్రాస్ మీద చెక్కి ఉండే మాటే. గార్టర్ ని చివరికి 1953 ఏప్రిల్ లో కూతురు ఎలిజబెత్ చేతుల మీదుగా తీసుకున్నాడు. 1955లో దిగిపోయేటప్పుడు డ్యూక్ ని చేస్తానంటే దాన్నీ వద్దన్నాడు, కామన్స్ వదలడం ఇష్టం లేక.

కాబట్టి మీ చివరి ప్రశ్నకి జవాబు, ఇప్పటికీ గార్టర్, థిజిల్, ఆర్డర్ ఆఫ్ మెరిట్, రాయల్ విక్టోరియన్ ఆర్డర్ ఈ నాలుగూ రాజు సొంతంగా ఇచ్చేవి, మిగతా నైట్ హుడ్లు, లార్డ్ పదవులు దాదాపు అన్నీ ప్రభుత్వం లిస్టు ప్రకారమే. ఆర్డర్ ఆఫ్ మెరిట్ లో ఒకేసారి 24 మందికి మించి ఉండకూడదు, విదేశీయులకి ఇచ్చే గౌరవ సభ్యత్వం దానికి వేరు. 1931లో సర్ అయ్యి, స్వతంత్రం వచ్చాక ఆ సర్ వాడడం మానేసిన మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారికి 1963లో, రాష్ట్రపతిగా ఉండగా, ఇచ్చింది ఆ గౌరవ సభ్యత్వమే. మన ఆర్టికల్ 18 లో బిరుదులు రద్దు కదా, విదేశీ బిరుదు రాష్ట్రపతి ఎలా తీసుకున్నారు అని మా క్లాసులో అడుగుతారు. దానికి నా జవాబు, ఆర్డర్ ఆఫ్ మెరిట్ తీసుకున్నవాళ్ళకి పేరు ముందు సర్ అనో లార్డ్ అనో ఏదీ చేరదు, కాబట్టి అది ఆ అర్థంలో బిరుదు కాదు.